వీపు మీద పేరు లేదు

పుట్టే బిడ్డకు వార్మర్ వేసి పెట్టాలి. తువ్వాళ్లు వెచ్చబెట్టాలి. కత్తెర, బొడ్డు క్లిప్పులు ట్రేలో సర్దాలి. ఇంజెక్షన్ సిరంజిలోకి తీసి ఉంచాలి. డాక్టరమ్మ వచ్చేదాకా భయపడకూడదు.

సిస్టర్ ఫోన్లో చెప్పిన పనులన్నీ ఊర్మిళ చేసింది, చివరిది తప్ప.

ఆమె ఇంకా నర్సింగ్ చదువుతోంది. కాన్పులు చూసింది, పక్కన నిలబడి సామాను అందించింది. పోయినసారి తనను చేయమంటే, బిడ్డ తల కనిపించగానే చేతులు బిగుసుకుపోయాయి. సిస్టర్ పక్కకు జరిపి తనే చేసింది.

ఇవాళ ఆ సిస్టరే కరోనాతో ఇంట్లో పడుంది. మిగతా వాళ్లంతా కింది అంతస్తులో కోవిడ్ వార్డులో ఉన్నారు.

సూరత్‌లోనే ఆల్థాన్ పేట నుంచి విజయశ్రీ మేడం బయల్దేరిందనీ, కొత్తగా వచ్చినా మంచి చేయి అనీ, మీ తెలుగామేననీ చెప్పి సిస్టర్ ఫోన్ పెట్టేసింది.

మంచం మీద చిట్టి. మరమగ్గం నడిపే మొగుణ్ని గేటు దగ్గరే ఆపేశారు.

"ఏందక్కా, నీ చేతులు గిట్ల వణుకుతున్నయ్? నొప్పులు నాకా, నీకా?"

ఊర్మిళ నవ్వబోయింది. అంతలో ఇంకో నొప్పి వచ్చింది. "అమ్మా" అని చిట్టి పెట్టిన కేక మెట్ల దాకా వినిపించింది.

తలుపు తెరుచుకుంది.

తల నుంచి కాళ్ల దాకా తెల్ల పీపీఈ సూట్‌లో ఒకామె. మాస్కు, దాని మీద పెద్ద కళ్లద్దాలు.

"ఏందమ్మా, పెద్దోళ్లెవరు లేరా నీ దగ్గర?" తెలుగులోనే అడిగింది.

ఊర్మిళకు ప్రాణం లేచొచ్చింది.

"మీకోసమే చూస్తున్న మేడం. తల కనిపిస్తుంది. మీరొచ్చిండ్రు, ఇంక నాకు భయం లేదు."

ఆమె ఏదో చెప్పబోయి ఆగింది. ఊర్మిళ చేతుల వైపు చూసింది. చిట్టి వైపు చూసింది. తర్వాత మంచం తలాపుకు వెళ్లి చిట్టి చెయ్యి పట్టుకుంది.

"నేనున్న. నువ్వు కానియ్."

లోపల ఎవరున్నారో తెలియడానికి ఆ రోజుల్లో అందరూ సూట్ వీపు మీద మార్కర్‌తో పేరు రాసుకునేవారు. ఈమె వీపు మీద ఏమీ లేదు. తొందరలో వచ్చినట్టుంది అనుకుంది ఊర్మిళ. డాక్టరై ఉండి కూడా తమ ఇంట్లోవాళ్లలా మాట్లాడటం ఆమెకు నచ్చింది.

కింద మైకులో "స్వరాజ్యం బెన్", అంటే స్వరాజ్యం అక్కా అని, ఎవరినో పిలిచారు.

మేడం తల తలుపు వైపు తిరిగింది.

పోవద్దని చిట్టి ఆమె చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"కింద మీకు పనున్నదేమో. మీరు పోతే నా చేతులాడవు మేడం," అంది ఊర్మిళ.

"యాడికి పోత? ఈడనే ఉన్న."

మైకు మళ్లీ పిలిచింది. వాకిట్లో వాన్ హారన్ కొట్టింది. ఆగి, మళ్లీ కొట్టింది. ఆమె ఒక కాలు ముందుకు పెట్టి, వెనక్కి తీసుకుంది.

బిడ్డ తల బయటికొచ్చింది. బొడ్డుతాడు మెడకు చుట్టుకుని ఉంది.

ఏం చేయాలో ఊర్మిళ చదివింది. పరీక్షలో రాసింది కూడా. చేతులే ముందుకు పోవడం లేదు.

"తాడు పడ్డది మేడం. మీరు తియ్యిండ్రి."

"నా దిక్కు చూడకు. బిడ్డ దిక్కు చూడు. నీకు తెల్సు."

ఊర్మిళ చూసింది. తాడు కొంచెం వదులుగానే ఉంది. వేలు దూర్చి, మెల్లగా తల మీదుగా తప్పించింది. మరో నొప్పికి బిడ్డ జారి ఆమె చేతుల్లోకి వచ్చింది.

ఏడవలేదు.

ఈసారి ఊర్మిళ ఎవరి వైపూ చూడలేదు. తువ్వాలుతో ఒళ్లంతా తుడిచింది. వీపు రుద్దింది. అరికాళ్లు తట్టింది. మళ్లీ వీపు రుద్దింది. సన్నగా ఒక మూలుగు, ఆ వెంటనే గది నిండా ఏడుపు.

"ఎవరు?" అడిగింది మేడం.

"ఆడబిడ్డ."

ఆమె వంగి పాప ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. అద్దాల లోపల తడి పేరుకుంది. ఆ ఎండల్లో అందరి అద్దాలూ అలాగే ఉండేవి కాబట్టి ఊర్మిళ పట్టించుకోలేదు.

"జర తల్లికి చూపియ్ బిడ్డ ముఖం. మంచిగ చూడనియ్," అని ఆమె వెళ్లిపోయింది.

ఊర్మిళ ఇంజెక్షన్ ఇచ్చింది. తాడు క్లిప్పులు పెట్టి కత్తిరించింది. మాయ పడ్డాక పాపను చిట్టి గుండెల మీద పడుకోబెట్టింది. చేతులు వణకడం ఎప్పుడు ఆగిందో ఆమెకే తెలియదు.

అప్పుడు ఇంకో సూట్ రొప్పుతూ లోపలికొచ్చింది. దాని వీపు మీద విజయశ్రీ అని రాసి ఉంది. దారిలో పోలీసులు ఆపేశారని చెబుతూనే తల్లినీ బిడ్డనూ పరీక్షించింది.

"నాకు పనేమీ మిగల్చలేదే నువ్వు. ఒక్కదానివే చేశావా?"

"లేదు మేడం. ఇందాక ఒక డాక్టరమ్మ ఉన్నరు కదా."

"ఇవాళ డ్యూటీలో ఉన్నది నేనొక్కదాన్నే."

ఊర్మిళ మెట్లు దిగి పరుగెత్తింది. వాకిట్లో వాన్ లేదు. పసుపు చెత్తబుట్ట పైన, విప్పి పడేసిన సూట్.

గేటు దగ్గరి కాపలావాణ్ని అడిగింది. ఆమె డాక్టరు కాదన్నాడు అతను. సలాబత్‌పురా పేటలో చీరలకు లేసు కుట్టే స్వరాజ్యమట. సూట్ తామే ఇచ్చారట. మైకులో ఎంత పిలిచినా రాలేదట. దిగొచ్చేసరికి వాన్ వెళ్లిపోతే, ఎవరినీ ఒక్క మాట అనకుండా నడుచుకుంటూ పోయిందట.

మీ ఇంట్లో సూరత్ చీర ఉండి, దాని అంచుకు లేసు ఉంటే, స్వరాజ్యాన్ని ఒక్కసారి తలుచుకోండి: కోవిడ్ వార్డులో పోయిన కూతురి ముఖం, వాన్ తీసుకుపోయేలోగా కడసారి చూసుకోవడానికి ఆ సూట్ తొడుక్కుని, పైనుంచి వచ్చిన కేక విని మెట్లెక్కి, ఇంకొకరి కూతురి ముఖం చూసి వెళ్లిపోయిన తల్లిని.