తొమ్మిది లెక్కపెట్టేలోగా

బేకరీ తలుపు పిడిని జిగురు అనే అమ్మాయి పట్టుకుంది. ఇక లోపలికి వెళ్లాలంటే దాన్ని వదలాలి. వేళ్లు వదలడం లేదు.

వెనకాల రొట్టె కోసం వచ్చిన ముసలాయన చిన్నగా దగ్గాడు. "లోపలికా తల్లీ, బయటికా?"

"లోపలికే తాతగారూ. తలుపు గట్టిదేనా అని చూస్తున్నా."

మనసులో లెక్క నడుస్తూనే ఉంది. ఏడు, ఎనిమిది, తొమ్మిది. వేళ్లు విచ్చుకున్నాయి. తలుపూ బతికిపోయింది, తనూ బతికిపోయింది.

జిగురు అన్నది బళ్లో పెట్టిన పేరు. పరుగుపందెంలో ఈల ఊదగానే అందరూ పరిగెత్తితే తనొక్కతే గీత దగ్గర అతుక్కుపోయేది. వాళ్లు అవతలి కొసకి చేరేసరికి ఈమె కాళ్లు వదులయ్యేవి. అప్పుడు ఒంటరిగా, గాలిలా దూసుకెళ్లేది. చప్పట్లు మాత్రం తనకే ఎక్కువ.

తప్పు కాళ్లది కాదు, వంశానిది. ఏ కండరం బిగిసినా వెంటనే వదలదు. చలికి, కదలకుండా కూర్చున్నాక మరీ మొండికేస్తుంది. పదేపదే ఆడిస్తే వెన్నలా మెత్తబడుతుంది. తాత నుంచి నాన్నకి, నాన్న నుంచి తనకి వచ్చింది.

"లక్షమందిలో ఒకరికి ఉంటే గొప్ప," అన్నాడు డాక్టరు.

"మా ఇంట్లోనే ఇద్దరున్నారండీ!" అంది అమ్మ, బహుమతి ఏమైనా ఇస్తారేమోనన్నట్టు.

రోజూ పొద్దున్నే తండ్రీకూతుళ్లు వేడినీళ్ల గిన్నెలో చేతులు పెట్టి గుప్పిళ్లు మూసి తెరుస్తారు, యాభైసార్లు. "మీ కచేరీ అయ్యాక చెప్పండి, టీ ఇస్తాను. ముందే ఇస్తే నా కప్పులు ఎప్పుడు తిరిగొస్తాయో," అంటుంది అమ్మ.

మూడు ఉద్యోగాలు అప్పటికే పోయాయి. ఆఖరిది ఐస్‌క్రీమ్ కొట్లో. చలికి వేళ్లు కొయ్యబారాయి. కోను ఒక కొస తనూ, ఇంకో కొస ఓ లావుపాటి ఆసామీ పట్టుకుని గుంజుకున్నారు. కొట్టు యజమాని ఆ సాయంత్రమే సెలవిచ్చేశాడు, శాశ్వతంగా. ఇదీ పోతే మళ్లీ ఇంట్లో కూర్చోవడమే.

"బేకరీ అయితే నీకు స్వర్గమే," అన్నాడు నాన్న. "పొయ్యి వేడి, పిండి పిసికే పని. ఒక్కటే గుర్తుపెట్టుకో. ఎవరికీ షేక్‌హ్యాండ్ ఇవ్వకు. నేను మీ అమ్మ వాళ్ల నాన్నకి ఊరికే పలకరింపుగా ఇచ్చాను. వదిలేసరికి పెళ్లి ఖాయమైపోయింది."

లోపల యజమానురాలు బల్ల వెనక రాయిలా కూర్చుని ఉంది. లేవలేదు. బల్ల కింద కాలు మాత్రం టకటకలాడుతోంది. ఈవిడకి నన్ను పంపించెయ్యాలని తొందరగా ఉంది కాబోలు, అనుకుంది జిగురు. వెనక్కి చేతులు కట్టుకుని, ఎవరికీ కనబడకుండా గుప్పిళ్లు ఆడించుకుంది.

"ఇంతకుముందు ఎక్కడ చేశావమ్మా?"

"ఐస్‌క్రీమ్ కొట్లో మేడమ్."

"అమ్మో! ఆ చలిలోనా? ఎలా ఉన్నావే తల్లీ?"

"ఒక్కరోజే ఉన్నాను మేడమ్."

ఆవిడ ఫక్కున నవ్వింది. పిండి ముద్ద ఒకటి ముందుకు తోసి, "ఏదీ, కలుపు చూద్దాం," అంది.

జిగురు వేళ్లు ముద్దలోకి దిగాయి. దిగినవి అక్కడే ఉండిపోయాయి. కాసేపటికి ఒకటి కదిలింది, తర్వాత రెండు. ఇక చూడాలి! ముద్ద ఎగిరింది, పొర్లింది, చెంప పగిలినట్టు బల్ల మీద పడింది. పక్కన పిండి జల్లిస్తున్న మేస్త్రీ జల్లెడ ఆపి మరీ చూశాడు.

"మొదట్లో ఎందుకమ్మా అంత నెమ్మది?" అంది యజమానురాలు.

"పిండి స్వభావం తెలుసుకోవాలి కదా మేడమ్."

"ఊఁ. ఈ మాట నేనూ చాలామందికి చెప్పాను," అంది ఆవిడ, ముక్తసరిగా.

చేతులు కడుక్కోమన్నారు. కుళాయి నీళ్లు మంచులా ఉన్నాయి. తర్వాత కుర్చీ చూపించి కూర్చోమన్నారు. అరగంట. ఎదురుగా ఆవిడ కూడా కదలకుండా కూర్చుని కాగితాలు చూసుకుంది.

చివరికి ఆవిడ తలెత్తింది. "రేపు పొద్దున ఐదింటికల్లా వచ్చెయ్. ఉద్యోగం నీదే."

అంతే, జిగురుకి ఒళ్లు తెలియలేదు. వేడినీళ్లు, గుప్పిళ్లు, నాన్న మాట అన్నీ గాలికి పోయాయి. బల్ల మీదుగా చెయ్యి దూకించింది. ఆవిడ చెయ్యి చటుక్కున ఏప్రన్ జేబులోకి పోబోయింది కానీ జిగురు చెయ్యే ముందు చేరింది. పట్టుకుంది. పోనీలే అన్నట్టు ఆవిడా పట్టుకుంది.

బిగుసుకుపోయింది.

ఒకటి. రెండు. "మీ బేకరీ చాలా బాగుంది మేడమ్." మూడు. నాలుగు. "పొయ్యి కూడా బాగుంది." ఐదు.

ఆవిడ మొహం ఎర్రబడింది. మేస్త్రీ మొహం అటు తిప్పుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి.

ఆరు. "గోడలు కూడా..." ఏడు. వచ్చిన ఉద్యోగం నిమిషం నిలవకుండానే పోతోంది. నవ్వాలో ఏడవాలో తెలియక జిగురు రెండూ కలిపి చేసింది. ఎనిమిది.

తొమ్మిది. వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. హమ్మయ్య అనుకుని జిగురు చెయ్యి వెనక్కి లాక్కుంది.

చెయ్యి రాలేదు.

"లాగకమ్మా, ఇంకో ఆరు లెక్కపెట్టు," అంది యజమానురాలు సిగ్గుపడిపోతూ, "నావే నయం, మా నాన్న వేళ్లయితే ఇరవై దాకా వదిలేవి కావు."