ఊడిరాని కుట్టు

“చిరిగిన బ్యాగులకు అతుకులేసుడు గూడ ఒక పనేనా?” మనీషా ఎత్తిపొడిచింది.

కొండలెక్కేవాళ్ల బ్యాగులు కుట్టే ఆ వికారాబాద్ కంపెనీ, చెత్త తగ్గించాలని, పాడైనవాటిని వెనక్కి తెప్పించి బాగుచేయిస్తోంది. ఆ బాగుచేసే బల్ల దగ్గర తనను కాదని, తన తర్వాత పనిలో చేరిన సానియాను కూర్చోబెట్టినప్పటి నుంచి మనీషాకు ఒకటే కడుపుమంట.

సానియా తలెత్తలేదు. “ఏ కుట్టు ఎవరిదో ఈడ ఎర్కైతది అక్కా. నువ్వయితే కొసకు రెండుసార్లు వెనక్కి కుడుతవ్.”

మనీషా గతుక్కుమంది. “నావి మస్తుగ వాపస్ వచ్చినయా?”

“మూట విప్పంగనే ముందు నీ కుట్టే ఎతుకుత. ఒక్కటన్న ఊడొస్తే సార్‌కు చూపిద్దామని.” సానియా కత్తెరను బల్ల మీద విసురుగా పెట్టింది. “ఇంతవరకు ఒక్కటి గూడ ఊడి రాలే.”

ఆ గొంతులోని మంటను మనీషా ఇట్టే గుర్తుపట్టింది.

“జర జరుగు,” అంటూ స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది.