పాత పొయ్యికి రక్షణ

క్రీ.శ. 1961 మార్చిలో కె.ఆర్.పురం అవతల ఒక రాతిమిట్ట మీద ఆదిమానవుల పొయ్యి బయటపడింది. ఆరుబయట విడిది చేసిన ఒక కుటుంబం వాడిన మూడు రాళ్ళు, గుప్పెడు బొగ్గు యథాస్థానంలో ఉన్నందుకు పురావస్తు శాఖ హర్షించింది.

అయితే పక్కనే కంకర కొట్టే మునివెంకటమ్మ గుడిసె, దాని ముందు మండుతున్న మరొక పొయ్యి కనిపించాయి. కొత్త బూడిద పాత బొగ్గులో కలిస్తే కాలనిర్ణయం చెడిపోతుంది. కనుక తవ్వకాల అధికారి శేషగిరిరావు గారు గుడిసెను పీకించి, ఆ పొయ్యిని తక్షణం ఆర్పమని ఆజ్ఞాపించారు. ఆరుబయట వండుకునేవారి పట్ల శాఖకు అపారమైన గౌరవం ఉంది. వారు మరణించి కనీసం మూడువేల ఏళ్ళు గడిచి ఉండాలన్నదే నిబంధన.

"సంకటి ఇంకా ఉడకలేదప్పా. బిడ్డలు పొద్దన్నుంచి పస్తుండారు" అంది మునివెంకటమ్మ.

"ఇది దేశ చరిత్రమ్మా! నీకు చెప్పినా అర్థం కాదు" అని ఆయన స్వహస్తాలతో బిందెడు నీళ్ళు ఆమె పొయ్యిలో కుమ్మరించారు.

పొగ తగ్గాక ఆమె తవ్వకాల గుంటలోకి తొంగి చూసింది.

"ఈ పొయ్యి పెట్టుకున్నోళ్ళు యాడికి పోయిరప్పా?"

"అదే తెలియడం లేదు. ఉన్నపళంగా విడిది వదిలి వెళ్ళిపోయారు. కారణం కోసమే ఈ తవ్వకమంతా."

మునివెంకటమ్మ ఉడకని సంకటి కుండను నెత్తికెత్తుకుంది.

"దానికి తవ్వేదెందుకప్పా? నీ మాదిరోడే ఒకడు బిందె పట్టుకొని వచ్చింటాడు."

తగిన ఆధారాలు లభించనందున ఈ అభిప్రాయాన్ని నివేదికలో చేర్చలేదు.