ఆదివారం పాడయ్యే కంప్యూటర్

"అన్నయ్య పోయి నెల తిరగలేదు, మళ్ళీ మొండికేసిందా వదినా?" అంటూ మరిది కంప్యూటర్ ముందు కూలబడ్డాడు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు తప్ప బొమ్మ లేదు.

అన్నదమ్ములకు ఏనాడో మాట పట్టింపు. అయినా కంప్యూటర్ పాడైందని ప్రతి ఆదివారం అన్న దగ్గర్నుంచి కబురొచ్చేది. "అందరిలా విండోస్ పెట్టుకోక ఈ లినక్సు నీకెందుకు? తెర మీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ డ్రైవర్ ఊరికే ఎగిరిపోతోంది" అని విసుక్కుంటూనే తమ్ముడు వచ్చి బాగుచేసేవాడు.

ఈసారి అసలు రోగమేమిటో తేల్చుకుందామని, పాత కమాండ్ల చిట్టా తెరిచాడు. డ్రైవర్ దానంతటది ఎగిరిపోలేదు. ప్రతి ఆదివారం పొద్దున్నే ఎవరో తీసేస్తున్నారు.

"అన్నయ్యేనా?" అంటూ వదిన వైపు తిరిగాడు.

వదిన తల దించుకుంది.

చివరి వరుస దగ్గర అతని వేలు ఆగింది. తేదీ ఇవాళ్టిది.

ఆమె మడత విప్పి ఒక చీటీ అందించింది. అన్న దస్తూరీలో అదే కమాండు. "ఆస్పత్రిలో రాసిచ్చారు. 'నేను పోతే వాడిక ఈ గడప తొక్కడు, ప్రతి ఆదివారం పొల్లుపోకుండా ఇది కొట్టు' అన్నారు. తప్పు చేశానా?"

అతను డ్రైవర్ ఎక్కించాడు. లేస్తూ ఆ చీటీని మళ్ళీ మడిచి, ఆమె చేతిలోనే పెట్టాడు.

"జాగ్రత్తగా దాచు వదినా. వచ్చే ఆదివారం కావాలిగా."