రక్తం ముందే చెప్పింది

"మాత్రలు నువ్వు మింగుతున్నావా, చెత్తబుట్ట మింగుతోందా?" అని డాక్టరమ్మ అడగగానే పెద్దమ్మాయి తల దించుకుంది.

తల దించితే తప్పు ఒప్పుకున్నట్టేనని తల్లి లెక్క. "నేను అనుకుంటూనే ఉన్నా మేడమ్! ఆ మాత్రలకి మొహం ఉబ్బుతోందని గోల పెడుతుంటేనే అనుమానం వచ్చింది."

"వేసుకుంటున్నానమ్మా," అంది పెద్దమ్మాయి. నిజమే చెప్పింది గానీ గొంతు దొంగ గొంతులా పలికింది.

లూపస్ ఆమెను పట్టుకుని మూడేళ్ళయింది. ఒంటిని కాపాడాల్సిన సైన్యం ఒంటి మీదికే తిరగబడే జబ్బు. ఇన్నాళ్ళూ మాత్రల దెబ్బకి నోరు మూసుకుని పడి ఉంది.

డాక్టరమ్మ రిపోర్టు వాళ్ళ వైపు తిప్పింది. "ఈ యాంటీబాడీలు పోయినసారి నామమాత్రంగా ఉన్నాయి. ఇప్పుడు ఆకాశమెక్కి కూర్చున్నాయి. ఇవి ఇలా పెరిగితే కిడ్నీల మీద పడే ప్రమాదం ఎక్కువ."

"పాడైపోయాయా?" తల్లి కుర్చీ అంచుకి జరిగింది.

"ఇంకా లేదు. మూత్రం పరీక్ష శుభ్రంగా ఉంది. ఒంట్లో దెబ్బ తగలకముందే ఇవి రక్తంలో కనిపించి హెచ్చరిస్తాయి. ఇప్పుడే మందు మొదలుపెడితే కాపాడుకోవచ్చు. ఏమీ కాలేదు కదా అని వదిలేస్తే, తెలిసేసరికి చెయ్యి దాటిపోతుంది."

పక్కనున్న చెల్లెలు టేబుల్ కింద పెద్దమ్మాయి కాలు తొక్కింది. "ఊ అనెయ్యవే అక్కా," అని గుసగుసలాడింది. "రెండు తిట్లు తిని బయటపడదాం. వచ్చేసారి అన్నీ సర్దుకుంటాయి."

"ఏంటా గుసగుసలు?" తల్లి కసిరింది. "ఇద్దరూ తోడుదొంగలు మేడమ్. మొన్న ల్యాబ్ ఆవిడ ఇంటికొచ్చి రక్తం తీస్తుంటే, సూది చూస్తే చాలు ఇల్లు పీకి పందిరేసే పెద్దది కాస్తా కిక్కురుమనలేదు. బుద్ధొచ్చిందనుకుని వంటింట్లోంచే దణ్ణం పెట్టుకున్నా!"

డాక్టరమ్మ నవ్వాపుకుని కలం తీసింది. "ఇంకో గట్టి మందు కలుపుతున్నా. దీన్ని మాత్రం ఎగ్గొట్టకు."

ఊ అంటే అయిపోతుంది. ఊ నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

వెళ్దామన్నట్టు లేచిన చెల్లెలు సంచీ అందుకోబోయి "అబ్బా" అని వేళ్ళు విదిలించింది.

"ఇదో వేషం," అంది తల్లి. "పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోతున్నాయట. ఫోను నొక్కీ నొక్కీ!"

పెద్దమ్మాయి ఆ వేళ్ళ వంక చూసింది. కణుపుల దగ్గర ఉబ్బి ఉన్నాయి. జబ్బు బయటపడకముందు తన వేళ్ళూ అచ్చం ఇలాగే ఉండేవి. అప్పుడూ అమ్మ ఫోన్‌నే తిట్టింది.

చెల్లెలు గండం గడిచిందన్న ధీమాతో కన్ను గీటింది.

"మేడమ్, రాయకండి," అంది పెద్దమ్మాయి. చెల్లెలు మళ్ళీ కాలు తొక్కబోతే వెనక్కి లాక్కుంది. "మాత్రలు ఒక్కరోజు కూడా మానలేదు. నేను చేసిన తప్పు అది కాదు."

"మరింకేం చేసి చచ్చావే?" అంది తల్లి.

"ఆ రక్తం చెల్లిది."