శోకానికో పేరు

కళాకారుల పింఛనుకు మనుషుల్ని ఎంపిక చేయడానికి హైదరాబాదు నుంచి ఒక సారు వచ్చి, మరమగ్గాల వాడ పద్మనగర్‌లో మా ఒంటిగది ఖోలీ ముందు కెమెరా పెట్టాడు. చావు ఇంట్లో శోకం పాడడంలో మా అవ్వ మల్లవ్వను మించినవాళ్లు ఈ వాడలో లేరు. పింఛను వస్తే ఆమె మగ్గాలకు నూలు కండెలు చుట్టే పని మానుకోవచ్చు.

"పాడమ్మా," అన్నాడు సారు.

"ఎవలు సచ్చిన్రని పాడాలె సారూ? పేరు లేకుంట శోకం ఎట్ల అస్తది?"

"ఊరికే ఏదో ఒక పేరు అనుకో."

"బతికున్నోళ్ల పేరు పెడితె పాపం తలుగుతది."

సారు కెమెరా సంచిలో సర్దబోయాడు. నాకు ఒళ్లు మండింది. కళ కావాలట, శవం వద్దట.

"నా పేరు పెట్టవే అవ్వా. పింఛను ఊకె అస్తదా?"

"కన్న కొడుకు పేరు ఎట్ల పెట్టాలెరా?"

"పెట్టు. నాకేమైతది?"

అవ్వ కొంగు తలమీదికి లాక్కుని, కళ్లు మూసుకుని ఎత్తుకుంది.

"రాత్రనంగ పోతివి దత్తూ, తెల్లారి అస్తివి కొడుకా. సాంచెలు నీ చెవులు మింగె, పిలిస్తె పలుకవైతివి కొడుకా. బువ్వ పెట్టి లేపితె కండ్లు తెరువవైతివి..."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఏడ్చారు. నాకేమీ అనిపించలేదు. అందులో ఒక్క మాటా కల్పించింది కాదు. రాత్రి పాళీలో సాంచెల మీద, ఆ మరమగ్గాల మోతలో, నేను రోజూ బతికే బతుకే అది.

"చాలమ్మా, నీకు పింఛను ఖాయం," అని సారు కెమెరా ఆపేశాడు.

అవ్వ ఆపలేదు.

"అవ్వా, నేనీన్నే ఉన్న," అని భుజం పట్టుకుని ఊపాను.

అవ్వ కళ్లు తెరిచి నన్నే చూసింది. చూస్తూనే ఇంకాస్త గొంతెత్తింది.