చేప గుర్తు

"బసవయ్యా, నా బోటు పొలాలు దున్నుతోందిటయ్యా!" బోటు ఓనరు సత్యవతమ్మ గిలకలదిండి రేవు మధ్యలో నిలబడి కేకేసింది.

అందరూ నవ్వారు. మెకానిక్ బసవయ్య ముఖం మాడిపోయింది.

ఉన్న జీపీయెస్ చాలక ఆవిడ రెండోది కొంది. రెండింటి వైర్లూ కలిపి మెలేసి ఒకే తెరకిచ్చాడు బసవయ్య. అప్పట్నించీ తెర మీద బోటు కాసేపు సముద్రంలో, కాసేపు కోడూరు పొలాల్లో!

"నేనోసారి చూడనా అమ్మా?"

అడిగినాయన ఎవరో పరాయి మనిషి. పెద్దవయసు, భుజాన సంచీ. పేరు అబ్రహామట.

బోటెక్కి, బసవయ్య కట్టిన వైర్లు చాలాసేపు తడిమి చూశాడు. తర్వాత సంచీలోంచి చిన్న పెట్టె తీసి మధ్యలో బిగించాడు.

"ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే తెరకేం అర్థమవుతుందమ్మా? ఈ పెట్టె ఇద్దరి మాటా వింటుంది, ఒకరిదే తెరకి పంపిస్తుంది. ఆ ఒకరూ ఆగిపోతే రెండోవాళ్లది పంపిస్తుంది."

తెర మీద బోటు బుద్ధిగా రేవులో నిలబడింది.

"దేవుడివయ్యా!" అంది సత్యవతమ్మ.

బసవయ్యకి ఒళ్లు మండిపోయింది. పదిహేనేళ్లుగా చేస్తుంటే, తనని ఒక్కనాడూ మనిషివని కూడా అనలేదే ఈవిడ!

మర్నాడు మరో మూడు బోట్లవాళ్లు అబ్రహాముని వెతుక్కుంటూ వచ్చారు. అబ్రహామేమో నేరుగా బసవయ్య కొట్టుకొచ్చాడు.

"వైర్లన్నీ దారంతో కట్టి మైనం రాశారు. ఎంత బాగుందండీ! ఈ పద్ధతి ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. నా బుర్రే."

"పుస్తకంలాంటిదేమైనా ఉందా? ఉంటే ఓసారి చూపిస్తారా?"

"లేదండీ." బసవయ్య బల్ల మీదున్న నోటుబుక్కుని మెల్లగా గోనెసంచి కిందకి తోసేశాడు.

అబ్రహాము ముఖం చిన్నబోయింది. నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. పోతూ పోతూ సత్యవతమ్మ బోటెక్కి, పెట్టె మూత ఓసారి తీసి మళ్లీ బిగించాడు.

ఆ నోటుబుక్కు బందరులో పాత కాగితాల కొట్లో దొరికింది. అట్ట లేదు, పేరు లేదు. వైరింగు బొమ్మల్లో ఎర్తు గుర్తు గీయాల్సిన చోటల్లా చిన్న చేప బొమ్మ. 'ఒక తెరకి రెండు మిషన్లు' అన్న శీర్షిక కింద పేజీ చిరిగిపోయింది. బసవయ్యకొచ్చిన విద్యంతా అందులోదే. ప్రతి దసరాకీ దానికి బొట్టు పెడతాడు. 'రాసిన మహానుభావుడు కనపడితే కాళ్లు కడిగి నెత్తిన చల్లుకుంటా'నని పెళ్లాంతో అంటూ ఉంటాడు.

అలాంటిదాన్ని, తన పొట్టకి ఎసరు పెట్టడానికొచ్చినవాడికి చూపిస్తాడా?

సాయంత్రం సత్యవతమ్మ చెవిన వేశాడు. "అమ్మా, మీ పాయింట్లన్నీ జీపీయెస్‌లోనే ఉన్నాయి కదా. ఆ పెట్టెలో కాపీ అయిపోతుంటే?"

పాయింట్లంటే చేపలు పడే చోట్లు. ఆ రేవులో సొంత అన్నదమ్ములు కూడా ఒకరికొకరు చెప్పుకోరు.

ఆవిడ అగ్గిమీద గుగ్గిలమైపోయింది. "ఏమయ్యా అబ్రహామూ, సంచీ తీసుకుని బయల్దేరు! బసవయ్యా, ఆ పెట్టె పీకేయ్!"

అబ్రహాము సంచీ భుజాన వేసుకున్నాడు. అవనిగడ్డ బస్సెక్కేశాడు.

బసవయ్య హుషారుగా పెట్టె కొట్టుకి తెచ్చుకున్నాడు. చూసి ఇలాంటివే పది కట్టేయొచ్చు! మూత తీశాడు.

లోపల మడిచిన కాగితం. పైన 'బసవయ్య గారికి' అని ఉంది.

విప్పి చదివాడు. గోనెసంచి లాగేసి, కాగితాన్ని నోటుబుక్కు పక్కన పెట్టి చూసి, చెప్పులు కూడా లేకుండా రేవుకి పరిగెత్తాడు.

"అమ్మా! ఆయనది ఏ ఊరమ్మా?"

"అడగనిచ్చావా నువ్వు? ఏం, పాయింట్లు దొరికాయా?"

బసవయ్య కాగితం ఆవిడ ముందు పరిచాడు.

ఆ కాగితం మీద 'ఒక తెరకి రెండు మిషన్లు' అన్న శీర్షిక, దాని కింద చిరిగిపోయిన పాఠమంతా, చివర్న చిన్న చేప బొమ్మ, అన్నీ ఆ నోటుబుక్కు రాసిన చేతివే.